చావమన్నా చావని కానుగ మొక్కలు

కొత్తగా సర్కారు కొలువులో చేరిన పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. మీటింగులో మీకేదైనా మంచి ఆలోచన వస్తే నోరు మూసుకుని ప్లేట్లో సమోసా తినండి. నేను తినకుండా లేచి మాట్లాడాను. ఆ రోజు నాకు చప్పట్లు కొట్టినవాళ్ళే తర్వాత పేరు పెట్టి తిట్టారు.

పాతబస్తీలో ఒక చిన్న సర్కారు ఆఫీసులో నేను బడ్జెట్ చూసేవాణ్ణి. బడ్జెట్ అనగానే టీవీ ముందు సంచీ పట్టుకుని నవ్వే పని అనుకోకండి. మా దగ్గర బడ్జెట్ అంటే ఒకడి పైసలు ఇంకొకడు వాడకుండా కాపలా కాయడం. రోడ్లు వేసి, దుకాణాలు కట్టి వ్యాపారం పెంచే పైసలు ఒక పద్దు. పేదలకు ఇళ్ళు కట్టే పైసలు ఇంకో పద్దు. చెట్లు నాటే పైసలు మూడో పద్దు. ఈ మూడూ ఒకదాని మొహం ఒకటి చూసుకునేవి కావు. చెట్లవాళ్ళు గల్లీలో మొక్కలు నాటి పోయేవారు. మరుసటి నెల రోడ్లవాళ్ళు వచ్చి వాటిని పీకి రోడ్డు వేసేవారు. ఇళ్ళవాళ్ళేమో ఆ రోడ్డు చేరని చోట చూసి ఇళ్ళు కట్టేవారు. ఎవరి లెక్క వాళ్ళకు సరిగ్గానే ఉండేది. జనానికే ఏదీ అక్కరకు వచ్చేది కాదు.

ఆ ఏడు పైనుంచి హుకుం వచ్చింది. అభివృద్ధి, ఇళ్ళు, పర్యావరణం మూడూ బడ్జెట్లో సమతూకంగా నడవాలట. ఎట్లా నడపాలో మాత్రం హుకుంలో లేదు. మీటింగులో అందరూ ఫ్యాను వైపు చూస్తున్నారు. నేను లేచాను.

“మూడింటినీ ఒకే తాడుకు కట్టేద్దాం సార్. ఒక్క జాగాలో మూడు పనులూ కలిసి జరగాలె. ఒక్కటి ఆగితే మిగతా రెండిటికీ పైసలు బంద్. అప్పుడు ఎవరి పని వాళ్ళు చేసి ఊరుకోరు, పక్కోడి పని కూడా చూస్తరు.”

మా పెద్దసారు బల్ల గుద్దాడు. “శభాష్! గిట్లాంటి దిమాగ్ ఉండాలె!” అన్నాడు. నా ప్లేట్లో ఇంకో సమోసా పడింది. ఇప్పటికీ చెబుతున్నాను, ఆలోచన మంచిదే. దానికి కట్టిన మనుషులే సరిగ్గా లేరు.

మొదటి జాగాగా కిషన్‌బాగ్‌లో మూసీ వైపున్న ఒక స్థలం తీసుకున్నాం. అక్కడ పాత క్వార్టర్లు ఉండేవి. పైకప్పు పెచ్చులు అన్నంలో పడుతున్నాయని వాటిని కూల్చేశారు. అందులో ఉన్న కుటుంబాలకు టోకెన్లు ఇచ్చి, ఇళ్ళు కట్టాక పిలుస్తామని చెప్పి పంపేశారు. వాళ్ళంతా ఆ చుట్టుపక్కలే కిరాయి గదుల్లో తల దాచుకున్నారు. ఇప్పుడు అక్కడ కింద దుకాణాలు, మీద ఇళ్ళు, చుట్టూ చెట్లు రావాలి. మార్చి ఆఖరుకల్లా పునాదుల్లో కాంక్రీటు పడాలి. పడకపోతే ఇళ్ళ పైసలు వెనక్కి పోతాయి, ఇళ్ళు ఊరికి ఆ చివర ఇంకెవరికో పోతాయి. అట్లాగే నాటిన చెట్లలో ఒక్కటి తగ్గినా మూడు పద్దులూ ఆగుతాయి. ఇదే నేను కట్టిన తాడు.

ఇప్పుడు ఇద్దరు మహానుభావుల గురించి చెప్పాలి. ఒకడు ఇళ్ళ ఇంజనీరు, ఇంకొకడు పచ్చదనం ఆఫీసరు. ఇద్దరిదీ ఒకే గది, మధ్యలో ఒక ఇనుప బీరువా. ఒకప్పుడు ఫ్యాను ఎవరి వైపు తిరగాలన్న దాని మీద లొల్లి అయింది. ఆ రోజు నుంచి మాటల్లేవు. ఒకడికి ఇంకొకడితో పనిపడితే ఫైలు రాసేవాడు. ఆ ఫైలు గది దాటి, మెట్లు దిగి, నా దగ్గరికి వచ్చి, పెద్దసారు సంతకం పెట్టించుకుని, మళ్ళీ మెట్లెక్కి అదే గదిలో బీరువాకు అవతల వైపుకు చేరేది. బీరువా మీది నుంచి తల ఎత్తి అడిగితే అయిపోయే ముచ్చటకు పక్షం రోజులు పట్టేది.

వానాకాలం మొదట్లో ఇంజనీరు పునాదుల కోసం గుంతలు తవ్వించాడు. తాడు పట్టి, సున్నం గీసి, ఒక్క వరుస వంకర పోకుండా. కానీ కాంట్రాక్టరు మోకాలి లోతు తవ్వి, పాత బిల్లు పాస్ చేస్తేనే మిగతాది తవ్వుతానని పనివాళ్ళను తీసుకుపోయాడు. ఇంజనీరు కూడా సరేలే అనుకుని బావమరిది పెళ్ళికి సెలవు పెట్టి ఫలక్‌నుమా పోయాడు. పెళ్ళి ఒక్క పూట, దావత్‌లు వారమంతా.

సరిగ్గా ఆ వారంలోనే ఒక పెద్ద నాయకుడు మొక్కలు నాటడానికి వస్తున్నాడని కబురు వచ్చింది. పచ్చదనం ఆఫీసరు దగ్గర లారీ నిండా కానుగ మొక్కలున్నాయి. గుంత మాత్రం ఒక్కటి లేదు. వణుక్కుంటూ స్థలానికి పోయి చూశాడు. వరుసలో, కొలిచినట్టు, మోకాలి లోతు గుంతలు! ఆకాశం వైపు చూసి దండం పెట్టాడట. నాయకుడు వచ్చాడు, నాటాడు, ఫోటో దిగాడు. మిగతా గుంతల్లో మావాళ్ళు నాటారు. ఒక్కో మొక్కకు నంబరు రేకు కట్టి, ఫోన్లో ఫోటో తీసి, జాగాతో సహా సర్కారు కంప్యూటర్లోకి ఎక్కించారు. అందులోకి ఎక్కిన మొక్కను చెట్ల కమిటీ అనుమతి లేకుండా ముట్టుకోవడానికి వీల్లేదు.

సెలవు ముగించుకుని ఇంజనీరు సరాసరి స్థలానికి పోయాడు. అటు నుంచి అటే ఆఫీసుకు వచ్చి, నా బల్ల ముందు కూలబడ్డాడు.

“అన్నా! నా గుంతలల్ల చెట్లు పెట్టిండన్నా! ఒక్క గుంత ఇడిసిపెట్టలే!”

పచ్చదనం ఆఫీసరు గుమ్మంలోనే ఉన్నాడు. కానీ మాట నాతోనే అన్నాడు. “గుంత మీద ఆయన పేరు రాసున్నదా, అడుగుండ్రి.”

“పిల్లర్ గుంతకు, చెట్టు గుంతకు ఫరక్ తెల్వదా, అడుగన్నా!”

“మోకాలి లోతు తవ్వి పిల్లర్ గుంత అంటే ఎవనికి తెలుస్తది, అడుగుండ్రి!”

ఇద్దరి మధ్య నేను అటూ ఇటూ తల తిప్పీ తిప్పీ మెడ పట్టేసింది. పెద్దసారు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన అంతా విని, టీ తాగి, మూతి తుడుచుకుని, హాయిగా నవ్వాడు.

“ఏందయ్యా పరేషాన్? ఎవ్వలు ఏం చెయ్యకుండ్రి. మనం నాటిన చెట్టు ఇప్పటిదాంక ఎక్కడన్న బతికిందా? వానలు పోయినంక అన్నీ వాటంతటవే సస్తయి. ఎండిన మొక్కలను తీసేటందుకు కమిటీ ఎందుకు? ఒక్క కాగితం రాసి తీసేస్తం. చచ్చిన వాటి బదులు ఇంకో పక్కన కొత్తయి నాటితే నీ తాడు తెగదు, మార్చిల కాంక్రీటు పోస్తం.”

ఆయన ముప్పై ఏళ్ళ అనుభవం మీద నాకు అనుమానం రాలేదు. మా డిపార్ట్‌మెంటు మొక్కల చావు మీద అంత గట్టి నమ్మకం ఎవరికైనా ఉంటుంది.

వానలు పోయాయి. మొక్కలు బతికే ఉన్నాయి. చలికాలం వచ్చింది. బతికే ఉన్నాయి. పెద్దసారు పొద్దున్నే కుర్చీలో కూర్చోగానే, “ఎట్లున్నయి?” అని అడిగేవాడు. “కొత్త చిగురు వేసినయి సార్” అని నేను తల దించుకునేవాణ్ణి. “అయ్యో” అనేవాడు. ఊరు మొత్తంలో మొక్కలు చిగురిస్తే బాధపడిన ఆఫీసు మాదొక్కటే అయి ఉంటుంది. పచ్చదనం ఆఫీసరు మాత్రం కాలరెగరేసి తిరిగేవాడు. తన నౌకరీలో బతికిన మొక్కలను అతను చూడటం అదే మొదలు. ఇంజనీరు రోజూ బీరువా అవతలి నుంచి నిట్టూర్చేవాడు.

సంక్రాంతి పోయినా ఒక్క ఆకు వాడకపోయేసరికి, దీని సంగతేందో చూద్దామని నేనే కిషన్‌బాగ్ పోయాను.

అక్కడ చూసిన దృశ్యం పగవాడికి కూడా వద్దు. ప్రతి మొక్క చుట్టూ ముళ్ళకంప. ప్రతిదాని మొదట్లో పెంట ఎరువు. ఒకదానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టి ఉన్నాయి. ఇంకోదానికి తావీజు. మూడోదానికి పాత లుంగీతో ఎండ తగలకుండా పందిరి. ఆడవాళ్ళు, మగవాళ్ళు బిందెలతో వరుసగా నీళ్ళు పోస్తున్నారు. అందరికంటే ముందు ఒక మనిషి బర్రెలు కడిగిన నీళ్ళను బకెట్టుతో మోసుకొచ్చి, ఒక మొక్కకు పోస్తూ దానితో మాట్లాడుతోంది.

“తాగు తల్లీ తాగు. నువ్వు మంచిగుంటెనే నేను మంచిగుంటా.”

ఆమెను అక్కడ అందరూ పాలక్క అంటారు. నాలుగు బర్రెలు, పొద్దున పాలు పోయడం, మిగతా పొద్దంతా గడ్డి కోయడం. మొగుడు లేడు. క్వార్టర్ కూల్చినప్పటి నుంచి బర్రెల కొట్టంలోనే ఒక మూల తడక కట్టుకుని, కూతురితో కలిసి ఉంటోంది. తర్వాత ఎప్పుడో చెప్పింది, వాన పడితే బర్రె ఏ పక్క తిరిగి పడుకుంటే తాము రెండో పక్క పడుకోవాలని. నవ్వుతూనే చెప్పింది.

“ఇవి సర్కారు మొక్కలు గదా అక్కా, మీరెందుకు ఇంత కష్టపడుతున్నరు?” అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసి, కొంగులోంచి టోకెన్ తీసి చూపించింది. తర్వాత మొక్కకు కట్టిన రేకు చూపించింది. రెండింటి మీదా ఒకే నంబరు.

“నాకెరకలేదనుకుంటున్నవా సారూ? ఎవరి చెట్టు బతికితే వాళ్ళకే ఇల్లు. ఎవరి చెట్టు సస్తే వాళ్ళ ఇల్లు క్యాన్సల్. ఈ పారి బడ్జెట్ల గట్ల పెట్టిండ్రట గదా, ఇల్లు, చెట్టు కలిపి కట్టిండ్రట. ఎవరో మస్తు దిమాగున్నోడే పెట్టిండు.”

టోకెన్లూ ఒకటి నుంచే మొదలు, రేకులూ ఒకటి నుంచే మొదలు. నంబర్లు కలవక ఏం చేస్తాయి? నేను కట్టిన తాడు వార్త ఎట్లాగో గల్లీ దాకా వచ్చింది, వస్తూ వస్తూ దారిలో ఇంకో ముడి వేసుకుంది. ఇల్లు రావాలని వాళ్ళు నీళ్ళు పోస్తున్నారు. ఆ నీళ్ళ వల్లనే ఇల్లు రాకుండా పోతోంది. ఎవరితో చెప్పుకోవాలి?

మంచికో చెడుకో నిజమే చెప్పాను. “గట్లేం లేదక్కా. ఇవి పునాది గుంతలు. ఈ మొక్కలు ఉంటే మీ ఇళ్ళు కట్టరాదు. దయచేసి నీళ్ళు పోయకుండ్రి.”

బిందెలన్నీ ఆగిపోయాయి. పాలక్క నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

“ఏందీ, నీళ్ళు పోయొద్దా? చెట్లను కాపాడుండ్రి అని గోడల మీద రాసేది మీరే, పోయొద్దనేది మీరేనా? మా చెట్లు సంపి, మా ఇండ్లు మీ సుట్టాలకు ఇయ్యనీకి గదా?”

పక్కనే తావీజు కట్టిన మొక్క చాచాది. బట్టలు కుట్టే ముసలి దర్జీ. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, చాలా మర్యాదగా అన్నాడు. “సాబ్, ఆప్ పరేషాన్ నక్కో హో. మీరు పొయ్యి ఏసీల కూసోండి. చెట్ల ఫికర్ మాది.”

ఆ రోజు నుంచి ఒక్క పూట పోసేవాళ్ళు రెండు పూటలా పోయడం మొదలుపెట్టారు. సర్కారువాడు వద్దన్నాడంటే అందులో ఏదో లాభం ఉందన్నమాటేనని గల్లీ గల్లీకీ తెలిసిపోయింది. కాపలాకు వంతులు కూడా పెట్టుకున్నారు. చివరి ఆశగా నేను బర్రెల వైపు చూశాను. ఒక బర్రె కట్టు విప్పుకుని వచ్చి, ఒక ఆకు వాసన చూసి, తుమ్మి, పోయింది. కానుగాకు పశువు ముట్టదని పచ్చదనం ఆఫీసరు తర్వాత గర్వంగా చెప్పాడు. అందుకనే కానుగ తెచ్చాడట. అతను నౌకరీ మొత్తంలో ఆలోచించి చేసిన పని అదొక్కటే, అదీ మా ఖర్మకొద్దీ.

మార్చి వచ్చింది. చెట్ల కమిటీ మూడు నెలలకొకసారి కూర్చుంటుంది, తర్వాత కూర్చునేది ఏప్రిల్లో. అప్పటికి ఇళ్ళ పైసలు వెనక్కి పోతాయి. పెద్దసారు నన్ను పిలిచి, “గా తాడు కట్టిన దిమాగ్ నీదే గదా? ఇప్పుడు విప్పే దిమాగ్ కూడా నువ్వే పెట్టు” అన్నాడు. శభాష్ అన్నది ఆ నోరే.

అంతలో ఇంకో పిడుగు. ఊరు మొత్తంలో ఒక్క మొక్క కూడా చావని స్థలం ఇదొక్కటేనని కంప్యూటర్ చెప్పిందట. చెట్ల కమిటీ అధ్యక్షురాలు స్వయంగా వచ్చి ప్రశంసాపత్రం ఇస్తానంది. పచ్చదనం ఆఫీసరు కొత్త చొక్కా కుట్టించుకున్నాడు, అదీ చాచా దగ్గరే. ప్రశంసాపత్రం అందుకున్న మొక్కలను ఇక దేవుడు కూడా పీకలేడు.

ఆ పొద్దున అందరం కిషన్‌బాగ్‌లో నిలబడ్డాం. అధ్యక్షురాలు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మేడం. తలకు టోపీ, కాళ్ళకు కాన్వాస్ బూట్లు. మొక్క మొక్కకూ వంగి చూసి, మొదట్లో మట్టి పట్టి వాసన చూసి, కళ్ళు ఒత్తుకుంది.

“ఎవరండీ వీటిని ఇంత ప్రేమగా పెంచింది?”

పచ్చదనం ఆఫీసరు ఒక అడుగు ముందుకు వేశాడు. నాలో ఏదో తెగింది. ఆ తడక, ఆ బర్రెల కొట్టం కళ్ళ ముందు కదిలాయి. నేను కట్టిన తాడు చివరికి పాలక్క మెడకే పడుతోంది. ఊరుకోబుద్ధి కాలేదు.

“మేడం, ఈయన కాదు! వీళ్ళు పెంచినారు! ఇవి ఇట్లాగే ఉంటే వీళ్ళకు ఇళ్ళు రావు!” అని అరిచేశాను. అరుస్తూనే గుంతలు, పెళ్ళి దావత్‌లు, లారీ, రేకులు, టోకెన్లు, బీరువా, ఫ్యాను అన్నీ చెప్పేశాను. ఫ్యాను సంగతి చెప్పకుండా ఉండాల్సింది. పెద్దసారు ఫోను చెవికి పెట్టుకుని గోడ వెనక్కి పోయాడు. ఆ ఫోను మోగనే లేదు.

మేడం నవ్వు ఆపుకోలేక టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకుంది.

“నరకడానికైతే కమిటీ కూర్చోవాలి. వేర్లతో సహా తీసి పక్కన నాటడానికైతే ఒక్కో మొక్కకూ ఒక బాధ్యుడుంటే చాలు, నేను ఇక్కడికిక్కడే సంతకం పెట్టొచ్చు. కానీ ఎండలు మొదలయ్యాయి. కదిలించాక రోజూ నీళ్ళు పడకపోతే బతకవు.”

ఇంజనీరు ఆనందంతో గంతేశాడు. పార కూడా తెచ్చేశాడు. కానీ పాలక్క తన మొక్క ముందు అడ్డంగా కూర్చుంది. ఆమె కూర్చోగానే మిగతా అందరూ ఎవరి మొక్క ముందు వాళ్ళు కూర్చున్నారు.

“పార ఏస్తే నా మీది నుంచి ఏయాలె” అంది. “ఒక్కపారి మమ్మల్ని లేపిండ్రు, కట్టినంక పిలుస్తమన్నరు. నా బిడ్డ బర్రెల పక్కన పండుకోవట్టె. ఇప్పుడు చెట్టును లేపుతమంటున్నరు. ఇది సస్తే ఎవల్ని అడగాలె నేను?”

నేను పోయి ఆమె ఎదురుగా మట్టిలో కూర్చున్నాను. ఇస్త్రీ ప్యాంటు సంగతి అప్పుడు గుర్తు రాలేదు.

“సచ్చినా బతికినా నీ ఇల్లు నీకే వస్తదక్కా. టోకెనే లెక్క, చెట్టు కాదు. నా మాట నమ్ము.”

“నీ మాటనా? నీళ్ళు పోయొద్దన్నోనివి నువ్వే గదా?”

“అవును.”

“అయితే ఇగ నువ్వే పొయ్యి. ఇంటి తాళంచెవి నా చేతికి వచ్చెదాంక రోజూ నువ్వే వచ్చి పొయ్యి. అప్పుడు నమ్ముత.”

మేడం వైపు చూశాను. ఆవిడ అప్పటికే బాధ్యుడి పేరు దగ్గర నా పేరు రాసేసుకుంటోంది. సరే అన్నాను. పాలక్క లేచి కొంగు దులుపుకుంది. చాచా కూడా లేచి, ఇంజనీరు భుజం మీద చెయ్యి వేశాడు. “సాబ్, నా చెట్టు మీకు.” అట్లా ఒక్కొక్కరూ లేచి ఒక్కో ఆఫీసు మనిషిని పట్టుకున్నారు. పెద్దసారును గోడ వెనక నుంచి ఇద్దరు ఆడవాళ్ళు మర్యాదగా తోడుకొచ్చారు.

ఎండెక్కకముందే పని మొదలైంది. వేర్ల చుట్టూ మట్టి చెదరకుండా గోనెసంచి చుట్టి, ఒక్కో మొక్కను మోసుకుపోయి స్థలం అంచున నాటాలి. ఒకచోట సంచికి ఒక పక్క ఇంజనీరు, ఇంకో పక్క పచ్చదనం ఆఫీసరు పడ్డారు. కొంతదూరం మోశారు. తర్వాత వినిపించింది.

“జర నీ దిక్కు ఎత్తు.”

“ఎత్తుతనే ఉన్న. నువ్వు ఉరుకకు.”

ఏళ్ళ తర్వాత వాళ్ళు మాట్లాడుకున్న మొదటి మాటలవి. మరుసటి సోమవారం బీరువాను గోడకు జరిపించారు. నాకు ఫైళ్ళు సగం తగ్గాయి. మార్చి గడువుకు ముందే పునాదుల్లో కాంక్రీటు పడింది.

నీళ్ళ సంగతికొస్తే, మొదటి వారం ఆఫీసంతా బకెట్లతో పోశాం. తర్వాత పెద్దసారుకు నడుం నొప్పి వచ్చింది. ఇంజనీరు పని జరిగే చోటే ఉంటాడు కాబట్టి కూలీలతో పోయించాడు. పచ్చదనం ఆఫీసరుకు బదిలీ అయింది. మిగతా వాళ్ళ మొక్కలకు కుటుంబాలవాళ్ళే జాలిపడి పోసుకున్నారు. పాలక్క మాత్రం జాలిపడలేదు. నేను స్కూటర్ ముందు రెండు డబ్బాలు పెట్టుకుని పోయేవాణ్ణి. మా ఇంట్లో నల్లా నీళ్ళే పట్టుకునేవాణ్ణి. “ఇంట్లో తులసమ్మకు ఏనాడన్న చెంబెడు పోసినవా?” అని మా ఆవిడ రోజూ అడిగేది. పాలక్క బర్రెల పక్క నుంచి చూసి, “ఇంకో మగ్గు పొయ్యి సారూ, పిసినారితనం చెయ్యకు” అనేది.

ఇళ్ళు మెల్లగా లేచాయి. ఒక ఎలక్షన్ అడ్డం వచ్చింది, తర్వాత సిమెంటు అడ్డం వచ్చింది. ఈలోపు నేను రిటైరయ్యాను. శాలువా కప్పి, దండ వేసి, దేశానికి నా సేవల గురించి మాట్లాడారు. మర్నాడు పొద్దున శాలువా బీరువాలో పెట్టి, డబ్బాలు తీసుకుని కిషన్‌బాగ్ పోయాను. మూడో ఏడు నుంచి కానుగకు నీళ్ళు అక్కర్లేదని నాకూ తెలుసు. కానీ మాట తాళంచెవి దాకా అన్నాను గదా.

ఈ మధ్య ఒక పొద్దున యథాప్రకారం చెట్టు మొదట్లో ఒక డబ్బా వంచుతున్నాను. రెండోది సాయంత్రం ఎవరైనా చెట్టుకు పోస్తారని రోజూ అక్కడే వదిలి పోయేవాణ్ణి, మర్నాటికి అది ఖాళీ అయి ఉండేది. చెట్టు నా కంటే ఎత్తయింది. పైనుంచి ఎవరో కిసుక్కున నవ్వినట్టయింది. తలెత్తి చూస్తే, మూడో అంతస్తు బాల్కనీలో చీరలు ఆరేసి ఉన్నాయి. వాటి మధ్యలోంచి పాలక్క మొహం, పక్కన ఆమె బిడ్డ మొహం. ఇద్దరూ నవ్వుతున్నారు.

“అక్కా! ఇల్లొచ్చిందా?” అని గట్టిగా అరిచాను. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు. నాకేం సిగ్గు లేదు, అప్పటికే నా కళ్ళు తడిశాయి.

“వచ్చి నెల రోజులాయె సారూ! ఇంట్ల పంకా కూడ తిరుగుతున్నది!”

“నెలనా? మరి నాకు చెప్పరా? నేను రోజూ ఇక్కడే ఉన్న గదా!”

బాల్కనీ మీది నుంచి తాడు కట్టిన ఖాళీ బిందె ఒకటి మెల్లగా కిందికి దిగి, నా మొహం ముందు ఆగింది.

“చెప్తే నువ్వు నీళ్ళు తెచ్చుడు బంద్ జేస్తవ్ గదా! నువ్వు చెట్టుకు పోసి పోంగనే మిగిలిన డబ్బా మేమే తెచ్చుకుంటుంటిమి. మీది దాంక నల్లా వస్తలేదు. మోటారు పైసలు ఎవ్వల పద్దుల కూడ లేవంట. ఇల్లు పెట్టినవ్, దుకాణం పెట్టినవ్, చెట్టు పెట్టినవ్, నీళ్ళు ఎందుకు పెట్టలేదు సారూ నీ బడ్జెట్ల?”

నేను రెండో డబ్బా మూత తీసి, బిందెలో వంచాను. నిండాక తాడును రెండుసార్లు లాగి చూశాను. ముడి గట్టిగానే ఉంది. “మెల్లగ లాగుండ్రి, ఒలుకుతది” అని చెప్పి, ఇంకో డబ్బా కోసం స్కూటర్ తిప్పాను.